ఆడోళ్ళ ఎరువుల కొట్టు: రెండు సీజన్లు వాడాక నా రివ్యూ

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఆ ఒక్కటి ఎందుకు కోసానో చివర్లో చెప్తా. కొట్టు పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే ఇందులో మెచ్చుకోళ్ళతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, నడిపేది మా చుట్టుపక్కల ఊర్ల ఆడవాళ్ళే, వచ్చే వారం పొదుపు సంఘం మీటింగులో వాళ్ళ పక్కనే చాప మీద కూర్చోవాలి నేను. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు, ఎర్ర నేల, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. కొట్టు పాల కేంద్రం పక్కన ఒక గది, వెనకాల గ్రీన్ నెట్ కట్టిన షెడ్డు, నీలం డ్రమ్ములు, అంతే. నేను కొన్నవి ఘనజీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు), నవధాన్యాల కిట్టు (వానలకి ముందు చల్లే కలగలుపు విత్తనాలు), కొంచెం ద్రవజీవామృతం (పేడ ఎరువే, నీళ్ళ రూపంలో), ఇంకా మట్టి పరీక్షకి వాళ్ళ ద్వారానే పంపించా. ఒక్కోదాని గురించి చెప్తా కానీ ముందు మా ఇంటి సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ అర్థం కాదు.

మాకు రెండు చోట్ల పొలం. బోరు కింద రెండెకరాలు, అందులో టమాట. ఊరికి దూరంగా రెండున్నర ఎకరాల మెట్ట చేను, అందులో బుడ్డలు (వేరుశనగ), మధ్యలో కంది, అలసంద, అనుములు. రెండూ మామ పేరు మీదే. మా ఆయన బెంగళూరులో డ్రైవింగ్, పండగలకి వస్తాడు. టమాట మామ, మరిది చూసుకుంటారు, మెట్ట చేను నేనూ అత్తా. చూసుకోవడం అంటే కలుపు, కాపలా, కోత అన్నీ మావి, ఎప్పుడు దున్నాలి ఏం వెయ్యాలి అనేది మాత్రం మామది.

ఇంట్లో రెండు ఆవులు, ఒక ఎద్దు. పేడ ఎత్తేది అత్త, నేను. గంపలకెత్తి పెంటకుప్ప మీద పోసేది మేమే, ఊడ్చిన చెత్త, పొయ్యి బూడిద, మిగిలిన మేత అంతా అందులోకే. ఏడాదంతా మేము కూడబెడితే ఎండాకాలంలో ఒక పొద్దున ట్రాక్టరు వస్తుంది, కుప్ప మొత్తం ఎత్తుకుని టమాట చేనుకి పోతుంది. ప్రతి ఏడూ అంతే. మెట్ట చేనుకి ఒక్క గంప రాదు. అడిగితే మామ చెప్పేది కూడా తప్పు కాదు, "నీళ్ళున్న కాడ ఎరువేస్తే దుడ్డు కనపడతాది, వానే లేని చేనుకు ఏం పోసినా బూడిదలో పోసినట్టే పాపా" అంటాడు. కానీ ఆ చేను సంగతి చూడండి. బుడ్డలు పీకుతాం, కాయలు మనకి, కట్టె పశువులకి, ఆ పశువుల పేడ టమాటకి. వేరుతో సహా పీకేసే పంట ఇది, చేనుకి మిగిలేది ఏముంది? ఏళ్ళ తరబడి తీసుకోవడమే తప్ప ఇచ్చింది లేదు, ఇక అది గట్టిపడక ఏమవుతుంది.

నేను డిగ్రీలో ఎకనామిక్స్ చదివా. అప్పుడు మా మేడం ఒక విషయం చెప్పింది, ఆ రోజు పరీక్ష కోసం బట్టీ కొట్టా, పెళ్ళయ్యి ఇక్కడికొచ్చాక అర్థమైంది. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశంలో ఒకే ఇంట్లో మొగుడికి వేరే మడి, పెళ్ళానికి వేరే మడి ఉంటుందట. క్రిస్టఫర్ ఉడ్రీ అనే ఆయన 1996లో వేసిన లెక్క ప్రకారం ఒకే ఇల్లు, ఒకే ఏడు, ఒకే పంట అయినా ఆడవాళ్ళ మడుల్లో దిగుబడి 30 శాతం దాకా తక్కువ, ఎందుకంటే పశువుల ఎరువు దాదాపు అంతా మగవాళ్ళ మడులకే పోతోంది. ఆ ఎరువుని, కూలిని రెండు వైపులా సర్ది వేసుంటే ఇంటి మొత్తం పంట 6 శాతం దాకా పెరిగేదట. మా ఇంట్లో మడులు రాసిచ్చింది లేదు గానీ పెంటకుప్ప పోయే దారి మాత్రం అచ్చం అదే. మామని ఇందులో విలన్ చెయ్యట్లేదు, మంచోడే, కాకపోతే కుప్ప ఎటు పోవాలో ఆ గంపలు మోసినోళ్ళని ఎవరూ అడగలేదు.

సరే కొట్టు సంగతికి వస్తా. ఘనజీవామృతం గురించి తెలియని వాళ్ళకి ఒక్క మాట: 100 కిలోల పేడ, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, తడవడానికి సరిపడా ఆవు మూత్రం, గట్టు మీది మట్టి గుప్పెడు కలిపి నీడలో ఆరబెడతారు, రోజూ తిరగేస్తారు, ఆరాక పొడి చేసి బస్తాలకెత్తుతారు. తడి తగలకుండా పెట్టుకుంటే ఆరు నెలలు ఉంటుంది. ఇంట్లో చేసుకోవచ్చు కదా డబ్బులెందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు, మా మామ అదే అడిగాడు, "పేడకు దుడ్డిచ్చి కొనేటోల్లు యాడైనా ఉండారా?" అని నవ్వాడు. కానీ నాకు ఈ కొట్టులో నచ్చిన మొదటి ఫీచర్ అదే. ఇంట్లో పేడ ఇంటిది, అంటే మామది. నా సంఘం అప్పుతో, నా పేరు మీద బిల్లు రాయించుకుని తెచ్చిన బస్తా నాది, అది ఏ చేనుకి పోవాలో నేను చెప్తా. ఏ కంపెనీ ప్యాకెట్ మీదా ఈ లాభం రాసుండదు.

ఇంకో సంగతి, టౌన్లో ఫర్టిలైజర్ షాపుకి నేను మొన్నమొన్నటి దాకా వెళ్ళేదాన్ని. వెళ్తే ముందు బెంచీ మీద కూర్చున్న మగవాళ్ళందరికీ ఇచ్చాకే మన వైపు చూస్తాడు, చూసి అడిగే మొదటి మాట "ఇంట్లో మగోళ్ళు రాలేదామ్మా?" అని. ఏ మందు ఎందుకు అని అడిగితే నాకు చెప్పడు, ఫోన్లో మా మరిదికి చెప్తాడు. ఈ కొట్టులో ఆ గోల లేదు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర వరకు తెరుస్తారు, అంటే చేనుకి పోయే ముందు, వచ్చాక. మధ్యాహ్నం పోతే తాళమే, ఎందుకంటే నడిపేవాళ్ళు కూడా కూలికో చేనుకో పోతారు. మగవాళ్ళు దీని మీద కంప్లయింట్ చేస్తారు, నాకైతే ఆ టైమింగే సుఖం. పిల్లోడిని చంకనేసుకుని పోయినా ఎవరూ వింతగా చూడరు.

ధర 50 కిలోల బస్తా సంఘం సభ్యులకి 550, బయటివాళ్ళకి 570. ఎకరాకి 400 కిలోలు వెయ్యమని వాళ్ళు చెప్తారు. రెండున్నర ఎకరాలకి వెయ్యి కిలోలు, ఇరవై బస్తాలు, పదకొండు వేలు. నా దగ్గర అంత లేదు, మొదటి ఏడు సగం డోసే వేసా, పది బస్తాలు, ఐదు వేల ఐదువందలు. ఆరు సాళ్ళు మాత్రం ఏమీ వెయ్యకుండా వదిలా, తేడా చూద్దామని.

క్వాలిటీ. మంచి ఘనజీవామృతం చేతిలోకి తీసుకుంటే పేడ కంపు రాదు, తొలకరి మట్టి వాసన వస్తుంది. వేళ్ళ మధ్య నలిపితే పొడవ్వాలి, ముద్ద కాకూడదు. లోపల తెల్లటి బూజు పోగులు కనిపిస్తే భయపడకండి, అది మంచిదే. ఇసక కలిపారా లేదా తెలుసుకోవాలంటే గ్లాసు నీళ్ళలో రెండు చెంచాలు వేసి కలిపి వదలండి, అడుగున ఎంత పేరుకుందో చూడండి. నేను తెచ్చిన పదిలో ఏడు బస్తాలు బ్రహ్మాండం. మూడు మాత్రం తడి తడిగా ఉన్నాయి, అనుమానం వచ్చి ఒకటి ఇంటి మిద్దె మీద నీడలో ఆరబోసి తూకం వేస్తే 50 కిలోలది 41కి వచ్చింది. అంటే తొమ్మిది కిలోల నీళ్ళు కొన్నా, కిలో పదకొండు రూపాయల లెక్కన. పోయి అడిగా. కొట్టు అక్క ముందు "వాన పడింది కదా చెల్లీ, షెడ్డు కారింది" అంది, తర్వాత ఇంకేం మాట్లాడకుండా ముప్పై కిలోలు అదనంగా తూచి ఇచ్చింది. ఆ పని టౌన్ షాపోడు చేస్తాడా అని ఆలోచించుకుని ఊరుకున్నా. అయినా చెప్తున్నా, వానాకాలంలో కొనకండి, మార్చి ఏప్రిల్‌లోనే కొనిపెట్టుకోండి.

ఇప్పుడు ఎవరూ రివ్యూల్లో రాయని సంగతి ఒకటుంది, బరువు. ఆటో మా చేను దాకా పోదు, బండి బాట దగ్గర దించేస్తాడు. అక్కడ్నుంచి లోపలికి నెత్తి మీద గంపే. గంపకి పదిహేను కిలోలు వేసుకుంటే ఐదు వందల కిలోలకి ముప్పై నాలుగు తిరుగుళ్ళు. నేను, అత్త, పక్క చేను వదిన ముగ్గురం రెండు పొద్దులు మోసాం. ట్రైనింగుల్లో వచ్చి "ఎకరాకి 400 కిలోలు చాలండీ, చాలా సింపుల్" అని చెప్పే సార్లు ఒక్కసారి ఆ గంప ఎత్తి చూస్తే బాగుండు. అదే యూరియా బస్తా 45 కిలోలు, మరిది టీవీఎస్ బండి మీద ముందర పెట్టుకుని రయ్యిన తెస్తాడు. అందుకే మగవాళ్ళకి యూరియా ఈజీ, సేంద్రియం పుణ్యం. ఆ పుణ్యం మోసేది మన నెత్తి.

పోషకాల లెక్క అడిగేవాళ్ళ కోసం: యూరియాలో 46 శాతం నత్రజని, అంటే ఒక బస్తాలో ఇరవై కిలోల పైన. పశువుల ఎరువులో అర శాతం అనుకుంటే 200 కిలోలకి ఒక కిలో. కాబట్టి ఇది యూరియాకి బదులు అని ఎవరైనా అమ్మితే నమ్మకండి, మా కొట్టు అక్కలు కూడా అప్పుడప్పుడు ఉత్సాహంలో అలాగే అంటారు. మామూలుగా అయితే ఎకరాకి నాలుగైదు టన్నుల పశువుల ఎరువు వెయ్యమంటారు, అంత పేడ మాలాంటోళ్ళకి ఎక్కడ దొరుకుతుంది. ఇది నేలకి సూక్ష్మజీవుల్ని తోడు పెట్టడం లాంటిది, చెంచా పెరుగు పాలకి బదులు కాదు కదా, పాలు అంటూ ఉంటేనే తోడుకునేది. చేనులో ఆకూ అలమూ లేకుండా ఉత్త ఎర్ర మట్టి మీద చల్లితే ఆ సూక్ష్మజీవులు తినేదానికి ఏముంటుంది.

ఆఖరి దుక్కికి ముందు చల్లి కలియదున్నాలి. ఇక్కడ మళ్ళీ మన కథే. ట్రాక్టరు మాకు లేదు, బాడుగకి పిలవాలి, వాన పడ్డ రోజు అందరికీ ఒకేసారి కావాలి. ట్రాక్టరు అతను ముందు టమాట చేనుకి, తర్వాత వాళ్ళ మామ చేనుకి, తర్వాత సర్పంచి గారి వైపు, మా మెట్ట చేనుకి ఐదో రోజు వచ్చాడు. నేను ఫోన్ చేస్తే "వస్తానక్కా వస్తానక్కా" అంటాడు, మామ చేస్తే వచ్చాడు. ఆ ఐదు రోజులు ఎండలో పడి ఉంది చల్లిన ఎరువు. కాబట్టి దుక్కి ఖాయం అయ్యేదాకా చల్లకండి, బస్తాల్లోనే ఉంచండి, నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి.

ఇంకో ముచ్చట. పది బస్తాల్లో నాలుగు చేనుకి రాకుండానే మాయం. తీరా చూస్తే మరిది టమాట మొక్కల మొదళ్ళలో వేసేసాడు, "ఇంట్లోనే ఉంది కదొదినా, మనదే కదా అనుకున్నా" అని. మనదే, మరి. నేను గొడవ పెట్టుకోలేదు, బిల్లు తీసి అత్త చేతిలో పెట్టా. అత్త చదువుకోలేదు గానీ బిల్లు మీద నా వేలిముద్ర కాకుండా సంతకం ఉందని చూసింది, ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మరిదిని ఏదో అంది, మరుసటి వారం రెండువేల రెండొందలు నా చేతికొచ్చాయి. దాంతో మళ్ళీ నాలుగు బస్తాలు కొన్నా. కొట్టోళ్ళకి ఒక సలహా: అందరికీ బిల్లు ఇవ్వండి, చిన్న చీటీ అయినా. మీరు బిల్లు పుస్తకంలో ఇప్పటికీ చాలామందికి 'ఫలానా ఆయన భార్య' అని రాస్తున్నారు, నేను పట్టుబడితే గానీ నా పేరు రాయలేదు. ఆడోళ్ళ కొట్టులో కూడా ఆడోళ్ళకి పేరు లేకపోతే ఎట్లా.

ఫలితం చెప్పాలి కదా. మొదటి ఏడు కాయల్లో చెప్పుకునేంత తేడా లేదు, అబద్ధం ఎందుకు. ఆగస్టులో ఇరవై రోజులు వాన పోయింది, ఆ వదిలేసిన ఆరు సాళ్ళు ముందు వాడిపోయాయి, మిగతావి నాలుగైదు రోజులు ఎక్కువ నిలబడ్డాయి. పూత తర్వాత ఊడలు నేలలోకి దిగేటప్పుడు ఎకరాకి 200 కిలోల జిప్సం మామూలుగానే వేసా, అది మానలేదు. కానీ అసలు తేడా తెలిసింది పీకేటప్పుడు. మా నేలలో బుడ్డ చెట్టు పీకడం అంటే తెలిసినోళ్ళకి తెలుసు, తేమ ఆరిపోతే సిమెంటులో పాతినట్టు ఉంటుంది, చెట్టు చేతికొస్తుంది కాయలు లోపలే ఉండిపోతాయి, తర్వాత గడ్డపారలతో తవ్వి ఏరుకోవాలి. సాయంత్రానికి అరచేతులు బొబ్బలు. పీకేది మొత్తం ఆడకూలీలే. ఆ ఏడు కూలికొచ్చిన ఆరుగురికి నేనేమీ చెప్పలేదు. ఆ ఆరు సాళ్ళ దగ్గరికి రాగానే వాళ్ళే ఆగి "ఏమక్కా ఈడేంది ఇట్లా బిర్రుగా ఉంది, ఆ పక్క మెత్తగా వస్తా ఉందే" అన్నారు. ల్యాబు రిపోర్టు కంటే నాకు ఆ మాట చాలు. మామ చేను చూసేది గట్టు మీద నుంచి, పచ్చగా ఉందా లేదా అని. మేము చూసేది చేతులతో, అందుకే ఆయనకి "ఏం తేడా లేదు" అనిపించింది, మాకు అరచేతుల్లో తెలిసింది.

రెండో ఏడు నవధాన్యాల కిట్టు కూడా కొన్నా. ఇది నాకు అన్నింటికంటే నచ్చిన ఐటమ్. వానలకి ముందే, ఏప్రిల్ చివర్లో, సజ్జ, జొన్న, కొర్ర, అలసంద, పెసర, ఉలవ, కంది, జనుము, ఆముదం, నువ్వులు, గోగు, ఇలా పద్దెనిమిది రకాలు కలిపి మట్టి, ఘనజీవామృతం, బూడిద పూసి గుళికలు చేసి పొడి దుక్కిలో చల్లేస్తారు. ఒక్క చినుకు పడ్డా మొలుస్తుంది, లేకపోతే అలాగే కాచుకుని ఉంటుంది. నేల ఎండకి నగ్నంగా పడి ఉండదు. తర్వాత దాన్ని దున్నేసి బుడ్డలు వెయ్యొచ్చు, పశువులకి కోసుకోవచ్చు, మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయం ప్రోగ్రాంలో దీన్ని బాగా పైకి తెచ్చారు, ఆ ప్రోగ్రాంని 2016లో ప్రభుత్వం వాళ్ళ రైతు సాధికార సంస్థ మొదలుపెట్టింది, సంఘాల ఆడవాళ్ళ చేతే ఊరూరా చేయిస్తున్నారు. 2024లో ఆ ప్రోగ్రాంకి పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్ గారితోనూ ఈజిప్టు సంస్థ సెకెంతోనూ కలిపి, పది లక్షల యూరోలు. ఆ పేపర్ కటింగ్ మా కొట్టు గోడకి ఇప్పటికీ అంటించి ఉంటుంది, అన్నం మెతుకులతో.

మొలిచిందా? మొలిచింది. మే నెల మండే ఎండల్లో గోగాకు, అలసంద ఆకు ఇంటికొచ్చింది, అప్పట్లో టౌన్లో కట్ట పదిహేను రూపాయలు. మామ అన్నది కూడా నిజమైంది, మేకలొచ్చి ఒక పక్క మొత్తం మేసిపోయాయి, ముళ్ళకంప వెయ్యకపోతే ఇది వేస్ట్. కిట్టులో ఉలవలు పుచ్చుపట్టి ఉన్నాయి, అలసంద సగమే మొలిచింది. అది కొట్టు తప్పే, విత్తనం పాత స్టాకు. ఈ ఐటమ్‌కి మూడున్నర.

ద్రవజీవామృతం రెండుసార్లు కొని మానేసా. సరుకు బాగోలేక కాదు. ఎకరాకి 200 లీటర్లు, ఐదారు రోజుల్లో వాడెయ్యాలి, డబ్బాల్లో ఆటో మీద తెస్తే దారంతా ఒలికిపోయి ఆటో అతను రెండోసారి రానన్నాడు. పాత చీర రెండు మడతలు పెట్టి వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. పదహారు లీటర్ల ట్యాంకు నిండితే ఇరవై కిలోల దాకా ఉంటుంది, ఆ పట్టీలు మగోళ్ళ భుజాలకి కుట్టినవి, నాకు నడుం మీదకి జారిపోయి రెండు రోజులు లేవలేకపోయా. కొట్టోళ్ళు చిన్న ట్యాంకులు బాడుగకి పెడితే మళ్ళీ కొంటా.

మట్టి పరీక్ష సర్వీస్: సంచి, లేబుల్, పంపించే ఖర్చు కలిపి వంద తీసుకున్నారు. దీనికి ముందు కథ ఉంది. సాయిల్ హెల్త్ కార్డుల పథకం 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్ సూరత్‌గఢ్‌లో మొదలైంది, పన్నెండు రకాల పరీక్షలు, మంచి పథకమే. కాకపోతే అప్పటి పద్ధతిలో మెట్ట పొలాలకి పది హెక్టార్లకి ఒక శాంపిల్, అంటే పాతిక ఎకరాలకి ఒకటి. అప్పుడు మామ పేరు మీద ఒక కార్డొచ్చింది, బీరువాలో పట్టా కాగితాల కింద భద్రంగా ఉంది, ఎవరూ చదవలేదు. ఈసారి కొట్టు అక్క చెప్పినట్టు నేనే తీసా. గట్టు దగ్గర, చెట్టు కింద, ఎరువు కుప్ప పెట్టిన చోట తియ్యకూడదు, చేనంతా వంకరటింకరగా తిరుగుతూ ఎకరాకి పది చోట్ల V ఆకారంలో ఆరంగుళాల గుంత తీసి పక్క గోడ నుంచి పలచగా చెక్కాలి, అన్నీ గుడ్డ మీద పోసి కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలో వచ్చేదాకా చెయ్యాలి. నీడలో ఆరబెట్టి పంపాలి. ఫారంలో రైతు పేరు అన్న చోట నా పేరు రాసా, రాసేటప్పుడు కొంచెం చెయ్యి ఆగింది నిజానికి. భూమి నాది కాదు కదా. పుట్టింట్లో కూడా రాలేదు, ఆడపిల్లకి వాటా ఉందని మన ఆంధ్రలో 1985 నుంచే చట్టం, నాకు మాత్రం నాలుగు తులాల బంగారం, ఒక బీరువా. దేశం మొత్తం మీద 2015-16 వ్యవసాయ లెక్కల్లో సాగు కమతాలు ఆడవాళ్ళ పేరు మీద ఉన్నవి 14 శాతం. మిగతా చేలల్లో వంగి ఉన్న నడుములు ఎవరివో మనకి తెలుసు.

రిపోర్టు నెలన్నరకి వచ్చింది, లేటు. సేంద్రియ కర్బనం 0.28 శాతం, అర శాతం లోపు ఉంటే తక్కువ కింద లెక్క. జింకు 0.4 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు లెక్క), కనీసం 0.6 ఉండాలి. కొట్టులో అడిగితే "జీవామృతంలో అన్నీ ఉంటాయి చెల్లీ, వేరే ఏమీ అక్కర్లేదు" అన్నారు. ఇదొక్కటి నాకు నచ్చలేదు. నేలలోనే తక్కువున్నది ఆ నేల మేత తిన్న ఆవు పేడలో ఎక్కడ్నుంచి ఊడిపడుతుంది? నేను బయట జింకు సల్ఫేట్ కొని వేసా, ఆ విషయం కొట్టులో తెలిసి ఒక నెల నాతో ముక్తసరిగా మాట్లాడారు.

ఇక కోసిన స్టారు. ఒకరోజు షెడ్డులో కూర్చుని లెక్కేసా. ఒక పోతకి పేడ 100 కిలోలు కిలో రూపాయి లెక్కన వంద, బెల్లం వంద, పిండి రెండొందలు, మూత్రం ఇరవై, మొత్తం 420. ఆరాక చేతికొచ్చేది అరవై కిలోలు, అమ్మితే 660. మిగిలింది 240. దానికోసం ఇద్దరు ఆడవాళ్ళు కలపాలి, వారం పైన రోజూ తిరగెయ్యాలి, జల్లించాలి, తూచాలి, బస్తా కుట్టాలి. అదే కూలికి పోతే ఒక్కరికి ఒక్క రోజుకి 350. "మరి ఎట్లా గిట్టుబాటు?" అంటే అక్క నవ్వి "మన పనికి లెక్కేంది చెల్లీ" అంది. అదే నా కంప్లయింట్. చేతులకి గ్లౌజులు కూడా లేవు, గోళ్ళ చుట్టూ పుండ్లు. పేడ అమ్మే ఆడవాళ్ళకి కిలోకి రూపాయి, దాన్నెత్తి మోసుకొచ్చినందుకు ఏమీ లేదు. మా అత్త అంటుంది, ఒకప్పుడు ఈ పేడంతా పిడకలయ్యి పొయ్యిలో కాలిపోయేదంట, 1999లో దీపం పథకం కింద సంఘం ఆడవాళ్ళకి గ్యాసు వచ్చాకే మా ఇంట్లో కుప్ప పెరిగిందని. పిడకలు కొట్టింది వాళ్ళే, కుప్ప పెంచింది వాళ్ళే, ఇప్పుడు బస్తాలు కుడుతున్నదీ వాళ్ళే, ధర మాత్రం పేడకే కడుతున్నారు. బస్తాకి అరవై పెంచండి, నేను కొంటా, పెంచింది కూలి కింద చేతికి ఇవ్వండి. పెంచేదాకా నాలుగే.

కొనాలనుకునేవాళ్ళకి: ముందు రోజు ఫోన్ చేసి పోండి, ఖాళీ గోనెసంచులు మీవే తీసుకెళ్తే బస్తాకి పది తగ్గిస్తారు, ఎదురుగా తూకం వేయించుకోండి, తడి ఉంటే తీసుకోకండి, బిల్లు మీ పేరు మీద రాయించండి. ఫోన్‌పే ఉంది కానీ సిగ్నల్ ఉండదు.

ఈ ఏడు నేను ఇరవై బస్తాలు చెప్పి పెట్టా, ఫుల్ డోసు. మొన్న మామ కూడా టమాటకి నాలుగు కావాలని కొట్టుకి తనే పోయాడంట. అక్క తలెత్తి చూసి "ఇంట్లో ఆడోళ్ళు రాలేదా మామా?" అందంట. బిల్లు ఎవరి పేరు మీద రాయాలి అంటే కాసేపు ఆలోచించి నా పేరే చెప్పాడు, సభ్యులకి బస్తాకి ఇరవై తక్కువ కదా మరి.